మసకలో పెళ్లికూతురు

ఆరు గంటలకల్లా స్నానం ముగించి, స్టూడియోలో బల్ల ముందు కూర్చుని శోభనాద్రి కొత్త కెమెరాని వేళ్ళతో తడిమి చూసుకుంటున్నాడు. అదీ కళ్ళు మూసుకుని. బొటనవేలి కింద గుండ్రటి చక్రం. దాని పక్కన చిన్న గుంట. పైన మూడు బొత్తాలు. పాత కెమెరా అయితే నిద్రలో లేపి చేతికిచ్చినా తడబడేవాడు కాదు. ఇది వచ్చి నాలుగు రోజులే అయింది, ఇంకా చేతికి అలవాటు కాలేదు.

గుడివాడలో ఆ మేడ కింద స్టూడియో, పైన ఇల్లు. వసుంధర కాఫీ గ్లాసుతో మెట్లు దిగి వచ్చి మొగుడి వాలకం చూసి నిలబడిపోయింది.

"దేవుడి ముందు కూడా ఇంత నిష్ఠగా కళ్ళు మూసుకోరే మీరు! ఇంతకీ ఏం వరమిచ్చింది?"

"వేళాకోళమా?"

"కాక మరేంటి? ఉన్న రెండు కెమెరాలూ, ఆ పెద్ద లెన్సూ ఇచ్చేసి దీన్ని తెచ్చుకున్నారు. పిల్ల చూస్తే కంప్యూటర్ పాతదైపోయిందని మొత్తుకుంటోంది. అది మాత్రం మీ చెవికెక్కదు."

శోభనాద్రి చెయ్యి చాచి గ్లాసు అందుకున్నాడు. అందుకోవడంలో వేళ్ళు ముందు గాలిని పట్టుకుని, ఆ తర్వాత గ్లాసుని పట్టుకున్నాయి. వసుంధర అప్పటికే వెనక్కి తిరిగింది. అమ్మయ్య, అనుకున్నాడు.

ఆరునెలల కిందట కుడికంట్లో ఒక మచ్చ మొదలైంది. ఎటు చూస్తే అటే వచ్చి, చూడాలనుకున్న దాన్నే కప్పేస్తుంది. షుగరు కంటిదాకా వెళ్లిందనీ, బెజవాడ వెళ్లి ఇంజెక్షన్లు వేయించుకోకపోతే ఉన్న చూపు కూడా నిలవదనీ ఊళ్ళో డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ మడతపెట్టి లెన్సు డబ్బాలో దాచాడు. కుడికన్ను మానేసి ఎడమకన్నుతో ఫొటోలు తియ్యడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ ఎడమకంటికీ సన్నగా మంచు పట్టినట్టుంటోంది. చూపు పోయిందని పొక్కితే ఇంక పెళ్లికి పిలిచేదెవరు? ముప్పై ఏళ్ళుగా శోభనాద్రి అంటే ఫొటో, ఫొటో అంటే శోభనాద్రి.

అప్పుడే ఈ కెమెరా గురించి విన్నాడు. ఎదుటివాళ్ళ కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుందట. మనిషి కదిలినా వదలదట. చీకటి మండపంలోనూ పట్టేస్తుందట. ఆ మాట విన్నరోజు ఆయనకి కడుపు నిండినట్టయింది.

బిందు తల దువ్వుకుంటూ కిందకొచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. డిగ్రీ అయ్యాక స్టూడియోలో ఆల్బమ్ పనంతా తనే చూసుకుంటోంది.

"నాన్నా, ముఖాలు గుర్తుపెట్టుకునేది చూశావా దీంట్లో? ఒకసారి ముఖం చూపించి గుర్తుంచుకోమంటే, ఎంత జనంలో ఉన్నా ఆ మనిషినే పట్టుకుంటుంది. పెళ్లికూతుర్ని పెట్టుకున్నామనుకో, ఇంక చుట్టాలు అడ్డమొచ్చినా భయం లేదు."

"అయితే నిన్ను పెట్టి చూద్దాం. అలా నిలబడు."

ఆ చిన్న అక్షరాలు బిందుయే చదువుతూ నొక్కింది. కెమెరా ఆమె ముఖం నేర్చుకుంది. ఆమె బల్ల చుట్టూ తిరుగుతుంటే తెల్లటి చిన్న పెట్టె ఒకటి ఆమె కంటిని అంటిపెట్టుకుని తిరిగింది. శోభనాద్రికి ముఖం మసగ్గానే ఉంది, పెట్టె మాత్రం తెలుస్తోంది. అది చాలనుకున్నాడు.

"ఎల్లుండి మోపిదేవి పెళ్లికి నేనూ తీస్తాను నాన్నా. ఒక్క అరగంట ఇవ్వు చాలు."

"మగాళ్ళ మధ్యలో తోసుకుంటూ నువ్వెక్కడ తీస్తావే? ఆల్బమ్ చేసుకో, హాయిగా."

"హాయి నాకా, నీకా?" అని గొణిగింది బిందు. ఆయన విననట్టు కెమెరా తుడుచుకున్నాడు. ఒకసారి కెమెరా దాని చేతికి వెళ్తే మళ్ళీ తన చేతికి రాదని ఆయన భయం. అది కూతురితో చెప్పుకునే భయం కాదు.

మోపిదేవిలో పెళ్లి నాగేంద్రబాబు గారి అమ్మాయి అక్షితది. నాగేంద్రబాబుది చల్లపల్లిలో రైసుమిల్లు. ఆయన పెళ్లికీ శోభనాద్రే ఫొటోలు తీశాడు. అప్పట్నుంచీ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు.

పొద్దున తొమ్మిదీ నలభైకి ముహూర్తం. వీడియో తీసే కిరణ్ వచ్చాడు, లైటు పట్టే మనిషి మాత్రం జ్వరమని రాలేదు. "నేను పడతాలే," అని బిందు వచ్చింది. మండపంలోకి వెళ్ళేముందు పెళ్లికూతురి ముఖం కెమెరాకి చూపించాలని శోభనాద్రి అనుకున్నాడు. అక్షితని అలంకరించి తీసుకొచ్చేసరికే పురోహితుడు తొందరపెడుతున్నాడు. కెమెరా తెర మీది అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. బిందుని పిలిస్తే రెండు నిమిషాల పని. అందరి ముందూ కూతురిచేత చదివించుకోవాలా? కన్నుని పట్టుకునే కెమెరాయే కదా, అదే చూసుకుంటుందిలే అనుకున్నాడు.

జీలకర్రా బెల్లం, మంగళసూత్రం బాగానే వచ్చాయి. తలంబ్రాలప్పుడు బిందు లైటు పట్టుకుని వధూవరుల వెనక్కి వెళ్లింది. ముత్యాలు, బియ్యం జలజలా రాలుతున్నాయి. పెళ్లికూతురు పడీపడీ నవ్వుతోంది. శోభనాద్రి కంటిముందు మంచులో తెల్లటి పెట్టె మెరుస్తోంది. పెట్టె వదల్లేదు, ఆయన వేలూ వదల్లేదు. చప్పుడు చెయ్యని కెమెరా కావడంతో ఎన్ని తీశాడో ఆయనకే తెలియదు.

మూడోరోజు పొద్దున కంప్యూటర్ ముందునుంచి బిందు పిలిచింది. గొంతు ఎప్పటిలా లేదు.

"నాన్నా, ఇలా రా. తలంబ్రాల ఫొటోల్లో పెళ్లికూతురు లేదు."

"లేకపోవడమేంటే?"

"ఉంది. మసకలో ఉంది. పెళ్లికొడుకూ మసకే. నూటఎనభై ఫొటోలు. అన్నింట్లోనూ వెనకాల లైటు పట్టుకున్న నేను మాత్రం కనుబొమ్మలో వెంట్రుక లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాను."

శోభనాద్రి తెరకి ముఖం ఆనించాడు. ముందు రెండు పెద్ద రంగు మరకలు, వెనకాల ఒక ముఖం. అది బిందుదని ఆమె చెబితేనే తెలిసింది.

"కెమెరాయే మంచిది కాదు. షాపువాడు లోపం ఉన్నది అంటగట్టాడు," అన్నాడు.

"నా ముఖం తీసెయ్యలేదు నువ్వు. అది నేర్పినట్టే చేసింది, దాన్నెందుకు తిడతావ్? సరే, మర్చిపోయావు. కానీ నూటఎనభైసార్లు కంటికి ఆనించి చూశావు కదా. ఒక్కసారైనా కనపళ్ళేదా?"

"నిన్నెవరు వెనకాల నిలబడమన్నారు?" ఆయన గొంతు లేచింది. "అడ్డం పడేది నువ్వు, మాట పడేది నేనా?"

ఆ అరుపుకి వసుంధర పైనుంచి దిగి వచ్చింది. "ఏంటండీ, ఎదిగిన పిల్లమీద ఆ కేకలు!"

బిందు కుర్చీలోంచి లేచి నిలబడింది. "లెన్సు డబ్బాలో చీటీ చూశాను నాన్నా. రెండు నెలలైంది. నువ్వే చెప్తావని చూస్తున్నాను."

"ఏం చీటీ?" అంది వసుంధర.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. నాగేంద్రబాబు చెమట తుడుచుకుంటూ నవ్వుతూ లోపలికొచ్చాడు.

"బావా, తలంబ్రాల ఫొటో ఒక్కటి ముందు ఇచ్చెయ్. మా అమ్మ తుంటి విరిగి మంచం మీదుందా, పెళ్లికి రాలేకపోయింది. మనవరాలు తలంబ్రాలు పోసే ఫొటో చూస్తేగానీ అన్నం తిననని కూర్చుంది. ఏదీ, చూపించు!"

తెరమీద ఫొటో అలాగే ఉంది. నాగేంద్రబాబు వంగి చూశాడు. పక్క ఫొటో చూశాడు, దాని పక్కదీ చూశాడు. ముఖంలో నవ్వు కొంచెంకొంచెంగా ఇంకిపోయింది.

"ఇదేంటి బావా? మా పిల్లేది? మీ అమ్మాయి పెళ్ళా ఇది?"

బిందు ఒక అడుగు ముందుకేసింది.

"తప్పు నాదేనండీ మావయ్యగారూ. కెమెరాలో సెట్టింగు నేను పెట్టాను. తీసెయ్యడం మర్చిపోయాను. నాన్నకి తెలీదు."

"నీ సరదాలకి మా పెళ్లే దొరికిందా అమ్మా?" నాగేంద్రబాబు ముఖం ఎర్రబడింది. "నా పెళ్లికి మీ నాన్న రీలు కెమెరాతో తీశాడు. ఒక్క ఫొటో పాడవలేదు. అలాంటివాడి పేరు చెడగొట్టావు కదా! ఇంక ఈ పిల్ల లైటు పట్టుకుని కూడా ఏ పెళ్లికీ రాకూడదు బావా. వస్తే మాత్రం నలుగురికీ నేనే చెప్తాను."

శోభనాద్రికి ఒక్క క్షణం గుండె తేలికపడింది. తన పేరు మిగిలింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. రేపు కెమెరా పట్టుకుని మళ్ళీ వెళ్ళొచ్చు. ఆ తేలికని గుర్తుపట్టగానే ఆయనకి ఒంటిమీద తేలు పాకినట్టయింది. ఎదురుగా కూతురు తలొంచుకుని నిలబడి, మాట పడుతోంది. అరగంట కెమెరా ఇవ్వనన్న తండ్రికోసం ఇంకెప్పటికీ కెమెరా పట్టుకునే అవకాశమే వదిలేసుకుంటోంది.

"నాగేంద్రబాబూ," అన్నాడు. బావా అనలేకపోయాడు. "పిల్లనేమీ అనకు. నాకు కనపడదు."

"ఏం కనపడదు?"

"కుడికంట్లో చూపు లేదు. ఎడమదీ మసకే. మీ అమ్మాయి నవ్వుతోందని చప్పుడుబట్టి తెలిసింది. చూసి తియ్యలేదు. ఆరునెలల్నుంచీ నేను తీసిన ఏ పెళ్లీ సరిగ్గా చూసి తీసింది కాదు. ఇప్పుడైతే కెమెరా తీస్తోంది, నేను మోస్తున్నాను. సెట్టింగు తీసెయ్యాల్సింది నేను. బిందుని అడిగితే చులకనైపోతానని అడగలేదు."

నాగేంద్రబాబు కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చున్నాడు.

బిందు కంప్యూటర్ వైపు తిరిగింది. "కిరణ్ తీసిన వీడియోలోంచి నాలుగు ఫ్రేములు తీసి పెట్టానండీ. వీడియో నాణ్యత బాగుంది కాబట్టి మామూలు సైజులో బానే వస్తాయి." ఒకటి తెరమీద పెట్టింది. అక్షిత దోసిలితో బియ్యం ఎత్తి పట్టుకుని, కళ్ళు మూతలు పడేలా నవ్వుతోంది. జుట్టులో ముత్యం ఒకటి చిక్కుకుంది.

నాగేంద్రబాబు చాలాసేపు చూశాడు. "ఇది చాలమ్మా. మా అమ్మకి ఇది చాలు." వెళ్తూవెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఆ మాటలు మనసులో పెట్టుకోకు తల్లీ. బావా, ముందు కళ్ళు చూపించుకో. ఎప్పుడంటే అప్పుడు కారు పంపిస్తాను."

ఆయన వెళ్ళాక వసుంధర వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది. అరుస్తుందనుకున్నాడు. ఆమె అరవలేదు. అరచెయ్యి తెచ్చి ఆయన ఎడమకన్ను మూసింది. ఆ చేతికి పెసరపిండి వాసన.

"ఇప్పుడు చెప్పండి. నేనెలా ఉన్నాను?"

"దిద్దులు తెలుస్తున్నాయి. భుజం మీద కొంగు తెలుస్తోంది. ఆకుపచ్చ అనుకుంటాను."

"ముఖమో?"

"అక్కడ మచ్చే కనిపిస్తోంది."

"ఆ కంటికి నా ముఖం లేదని చెప్పకుండానే ఆరునెలలుగా నాతో మాట్లాడుతున్నారా?" అంది వసుంధర. ఆ తర్వాత చెయ్యి తీసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఊరివాళ్ళకి తెలియకూడదనుకుని దాచాడు. దాచింది ముందుగా ఈమె దగ్గరేనని శోభనాద్రికి అప్పుడు తట్టింది. తడుముతూ వెళ్లి ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. పిల్ల ఎదురుగా ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. వసుంధర విడిపించుకోలేదు.

"రేపు పొద్దున్న బస్సుకి బెజవాడ. నేనూ వస్తున్నాను," అంది ముక్కు చీదుతూ. "కాదంటే ఒట్టే!"

"కాదనను. కానీ ముందు ఇంకో పనుంది."

శ్రావణంలో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకుని ఉన్నాడు. పుస్తకంలో నంబర్లు వసుంధర వేలు పెట్టి ఒక్కొక్క అంకే చదువుతుంటే ఆయన ఫోనులో నొక్కాడు. ఇన్నేళ్ళలో ఆమె స్టూడియో కుర్చీలో కూర్చుంది లేదు. బిందు గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటోంది.

మొదటిది కృత్తివెన్నులో రొయ్యల చెరువుల ఆసామికి. శోభనాద్రి దాచకుండా అంతా చెప్పి, తన బదులు బిందుని పంపిస్తానన్నాడు. అవతలి మనిషి మర్యాదగానే విన్నాడు. "మీరైతేనే అనుకున్నామండీ. ఆడపిల్లంటే మావాళ్ళు ఏమంటారో. ఇంట్లో అడిగి చెప్తాను," అన్నాడు. ఇంక చెప్పడని ముగ్గురికీ తెలుసు. బిందు గోడవైపు తిరిగింది.

"ఇంకోటి చదువు," అన్నాడు శోభనాద్రి.

రెండోది బందరులో లలితాంబ గారికి. ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. మనవరాలి పెళ్లి. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా అంతా వింది.

"మీ అమ్మాయి ఇదివరకు ఏ పెళ్లయినా తీసిందా?"

"లేదండీ. తియ్యనివ్వలేదు. నేనే."

"ఎందుకని?"

"భయమేసిందండీ."

"అమ్మాయికా, మీకా?"

"నాకేనండీ."

అవతల చిన్నగా నవ్వు వినిపించింది. "సరే, పంపించండి. మా ఆడపిల్లలకి మొహమాటం తగ్గుతుంది. మీరు మాత్రం కళ్ళు అశ్రద్ధ చెయ్యకండి శోభనాద్రిగారూ. ఇంతకీ పుస్తకంలో ఎవరి పేరు రాసుకోను? మీదే ఉంచనా?"

శోభనాద్రి ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. గోడ దగ్గర బిందు ఊపిరి బిగపట్టడం ఆయనకి వినిపించింది.

"కొట్టెయ్యండి," అన్నాడు. "బిందు అని రాసుకోండి. ఫొటోగ్రాఫర్ బిందు."

వసుంధర కళ్ళు తుడుచుకుని, మూడో నంబరు మీద వేలు పెట్టింది.