నాలుగో లైను

ఆదివారం మధ్యాహ్నం. లారీ కంపెనీ ఆఫీసంతా ఖాళీగా ఉంది. కుర్చీలు బల్లల కిందికి తోసి ఉన్నాయి. ఎవరో ఫ్యాను ఆపడం మరిచిపోయినట్టున్నారు, ఒక బల్ల మీద కాగితం అదేపనిగా లేచి పడుతోంది. టెస్టరమ్మకి ఆ చప్పుడు చిరాకనిపించి, దాని మీద స్టేప్లరు పెట్టి ముందుకు నడిచింది.

లైన్లు పరీక్షించడానికి నడుముకి ఎప్పుడూ వేలాడే టెస్టర్ ఫోను వల్ల ఆమెకా పేరు వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా ఆఫీసుల్లో టెలిఫోను ఎక్స్ఛేంజీలు బాగుచేస్తోంది. ఇక్కడికి రావడం మాత్రం ఇది మూడోసారి. రెండుసార్లూ బాగైందని సంతకం పెట్టించుకుని వెళ్ళింది. రెండుసార్లూ మర్నాడే చీవాట్లు తింది.

"ఈసారీ కుదరకపోతే బుధవారం ఈ ఎక్స్ఛేంజీ సామానంతా పీకి పారేస్తారట అమ్మాయ్. దాంతోపాటు నన్నూ," అంది ఆపరేటరు, తాళాలగుత్తిలో చెవి వెతుక్కుంటూ. ముప్ఫయ్యేళ్ళుగా ఆ కంపెనీకి వచ్చే ప్రతి ఫోనూ ఎత్తింది ఆవిడే.

"మీరు లేకపోతే లారీలు కదుల్తాయా పిన్నిగారూ?"

"కదలకేం, కదుల్తాయి. ఎటు కదుల్తాయో తెలీదు, అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. తలుపు తెరుచుకుంది. కిటికీలేని గది. లోపల్నుంచి వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన గుప్పుమంది. గోడకున్న ఇనప బీరువాలో ఎక్స్ఛేంజీ చిన్నచిన్న దీపాలు మినుకుమంటున్నాయి.

జబ్బు తెలిసిందే. ఈ ఆఫీసుదీ టెలిఫోను కంపెనీదీ, రెండు ఎక్స్ఛేంజీలు మాట్లాడుకోవాలంటే ఒకే తాళంలో నడవాలి. ఇద్దరు కలిసి రంపం లాగినట్టు. ఒకరు వెంట్రుకవాసి తొందరపడినా, కాసేపటికో కోత తప్పుతుంది. దాన్నే స్లిప్పంటారు. మామూలుగా అయితే చెవికి 'టిక్' మని ఆనీ ఆననట్టు ఉంటుంది. ఇక్కడ అలా కాదు. అక్షరాలకి అక్షరాలే ఎగిరిపోతున్నాయి.

"మొన్నొక డ్రైవరు 'రేపు రాను' అన్నాడు. నాకు 'రేపు రా' అని వినబడింది," అంది ఆపరేటరు. "సరుకు ఎక్కించి పెట్టుకుని రోజంతా కూర్చున్నాం. ఆ 'ను' ఎక్కడికి పోయిందంటావ్?"

"ఎక్కడికీ పోదు పిన్నిగారూ. లేకుండా పోతుంది."

"లేకుండా ఎలా పోతుంది? అన్నాడు కదా."

టెస్టరమ్మ ల్యాప్‌టాప్ తీసి బీరువాకి తగిలించింది. ఆ తాళాన్నే క్లాకంటారు. అది మొదటి లైను నుంచి రావాలి, టెలిఫోను కంపెనీ లైను అదే. పోయిన రెండుసార్లూ తన చేత్తోనే అలా అమర్చి వెళ్ళింది. ఇప్పుడు చూస్తే క్లాకు నాలుగో లైను నుంచి వస్తోంది.

"ఇక్కడ ఎవరైనా చెయ్యి పెట్టారా?"

"తాళం చెవి నా దగ్గరే ఉంటుందమ్మా."

"నాలుగో లైను ఎక్కడికి పోతుంది?"

"పాత గోడౌనుకి. దాన్ని కూల్చేసి ఎనిమిదేళ్ళయింది."

టెస్టరమ్మ లేచింది. నాలుగో లైను బూడిదరంగు కేబులు పట్టుకుని గోడ వెంబడి నడిచింది. కేబులు కన్నంలోంచి బయటికి పోయింది. ఆమె వెనకవాకిలి తెరుచుకుని ఎండలోకి వెళ్ళింది. మురుగుకాలవ మీద మూరెడు కేబులు వేలాడుతోంది. చివర తెగి ఉంది. లోపలి రాగి పచ్చగా చిలుమెక్కింది. అవతల ఖాళీ స్థలం, పిచ్చిమొక్కలు.

తిరిగొచ్చి చూస్తే నాలుగో దీపం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. తెగిన వైరు నుంచి తాళం వస్తోంది. నిలకడగా. పొల్లు పోకుండా.

"ఏముందమ్మా అక్కడ?"

"ఏం లేదు." ఆమె టెస్టర్ క్లిప్పులు నాలుగో లైనుకి తగిలించింది. స్పీకరు నొక్కింది.

నిశ్శబ్దం. గాలి కూడా లేని నిశ్శబ్దం...

"అ."

ముసలాయన గొంతు. ఆపరేటరు కళ్ళు పెద్దవి చేసింది. చాలాసేపటికి...

"టు."

ఇది చిన్నపిల్లది. తర్వాత బొంగురుగా ఒక మగగొంతు.

"వ."

"ఒక్కరు కాదు," గొణిగింది టెస్టరమ్మ. "ఒక్కో అక్షరం ఒక్కొక్కరిది."

"స్తు."

ఆపరేటరు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు ఆవిడదే.

"న్నా."

ఇది టెస్టరమ్మది. పోయినవారం ఈ గదిలోనే నిలబడి, పరీక్ష కాల్ చేసి, "వింటున్నారా?" అని అరిచింది తను. ఆ 'న్నా' అక్కడిదే. అదే విసుగు. అదే సాగదీత.

ఆగిపోయింది.

"ఇంకొక్కటి రావాలి..." అంది ఆపరేటరు లోగొంతుకతో.

దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి.

"ను."

"మా డ్రైవరు... అది మా డ్రైవరు గొంతే!"

టెస్టరమ్మ ఆలోచించలేదు. నాలుగో కేబులు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ప్లగ్గు ఊడి చేతికొచ్చింది. దీపం ఆరిపోయింది. క్లాకు మొదటి లైనుకి మారింది. బీరువాలో ఏదో మెల్లగా సర్దుకున్నట్టు చిన్న చప్పుడైంది.

అరగంట కూర్చున్నారు. టెస్టరమ్మ పది కాల్స్ చేసి చూసింది. ఒక్క స్లిప్పు లేదు. ప్రతి మాటా స్పష్టంగా ఉంది. సామాను సర్దుకుంటూ, "అయిపోయింది పిన్నిగారూ, ఇక రాదు," అంది, ఆవిడకి చెబుతోందో తనకే చెప్పుకుంటోందో తెలియకుండా.

ఆపరేటరు గడప దగ్గర ఆగింది. ఊడదీసిన ప్లగ్గు వైపు చూసి, తర్వాత బీరువా వైపు చూసింది.

"'అటు వస్తున్నాను' అంది కదా. తీసేముందు... అది వైరుకి ఎటువైపు ఉందో చూసుకున్నావా?"

టెస్టరమ్మ తలుపు గబగబా మూసింది.

ఆ రాత్రి నిద్ర అంతంతమాత్రం. సోమవారం పదకొండింటికి లారీ కంపెనీ మేనేజరు సెల్లు నుంచి ఫోను చేశాడు. తిట్లకి సిద్ధపడి ఎత్తింది.

"మీ చేతికి దండం పెట్టాలమ్మా! లైను అద్దంలా ఉంది. పొద్దుట్నుంచి ఖాతాదారులందరూ మెచ్చుకుంటున్నారు. ఇంతకీ మా ఆపరేటరమ్మకి ఏం నూరిపోశారు? ఫోను మోగకముందే ఎత్తుతోందట. అందర్నీ పేరుపెట్టి పలకరిస్తోందట."

"మీరు ఆవిణ్ణి చూశారా?"

"నేను పై అంతస్తులో ఉంటాను కదా. ఇంటర్‌కమ్‌లోనే మాటలన్నీ."

టెస్టరమ్మ ఆపరేటరు సొంత నంబరుకి చేసింది. చాలాసేపు మోగాక ఆవిడ నీరసంగా పలికింది.

"నిన్న ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఒళ్ళు పేలిపోతోందమ్మాయ్. ఇవాళ పనికి వెళ్ళలేదు. మేనేజరుకి కబురైనా చెయ్యలేదు, ఏమనుకుంటున్నాడో ఏమో."

టెస్టరమ్మ ఏదో సర్దిచెప్పి పెట్టేసింది. గదిలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. మంచినీళ్ళు తాగింది. చెయ్యకూడదు అనుకుంటూనే కంపెనీ నంబరు నొక్కింది.

మోగలేదు. నేరుగా మాటే వచ్చింది.

"చెప్పండి." తియ్యటి గొంతు. ఎంతో మర్యాద.

"ఎవరు... ఎవరు మాట్లాడేది?"

"మీ అమ్మగారు చాలాసేపట్నుంచి లైన్లో ఉన్నారండీ. కలపమంటారా?"

అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ సంగతి ఆ ఆఫీసులో ఎవరికీ తెలీదు.

టెస్టరమ్మ వద్దని చెప్పబోయింది. అంతలోనే అవతల 'టింగ్' మని లైను కలిపిన చప్పుడు వినిపించింది. ఎవరో మాట్లాడబోతూ, మెల్లగా ఊపిరి తీసుకున్నారు...