అండమాన్‌లో వంటెవరు చేస్తారు

ప్రేమలీల పెరట్లో రుబ్బురోలు దగ్గర కూర్చుని అట్లపిండి రుబ్బుతోంది. ఫ్రాన్సిస్ పోర్టు వర్క్‌షాపులో రాత్రి షిఫ్టు దిగి వచ్చి, సైకిలు గోడకి ఆనించి, చేతుల నూనె మరకలైనా కడుక్కోకుండా ఆమె ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు.

"సెలవు శాంక్షనయిపోయిందే లీలా. వచ్చే నెల్లో అండమాన్ ఓడ ఉంది. అందరం ఎల్తన్నాం."

ఆమె చేతిలోని పొత్రం ఆగింది. పెళ్లయినప్పటి నుంచీ కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఇదే ఇల్లు. భర్త ఓడల మధ్యే బతుకుతున్నా, ఆమె ఓడను చూసింది ఒడ్డు నుంచే.

"అందరమంటే ఎవులండీ?"

"నువ్వు, నాను, జయశీల, అల్లుడు, మీ వదినగారు. పోర్ట్ బ్లెయిర్లో మన ఎలమంచిలి తాతబాబు లేడూ, ఆడికి సముద్రం ఒడ్డునే ఇల్లుందట. ఎనకంతా అడవి, ముందు కొబ్బరిసెట్లు. పొద్దున్నే లెగాలని లేదు. నీళ్లల్లో మునగడం, సెట్టుకింద పడుకోవడం, అంతే."

వదినగారంటే అల్లుడు జిలానీ తల్లి మహబూబ్ బీ. స్టీల్ ప్లాంటు పనులు జోరుగా సాగుతున్న రోజులవి. అక్కడ ఆఫీసులో టైపిస్టుగా చేరిన జయశీల, అదే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ జిలానీని ఇష్టపడి రిజిస్టరు పెళ్లి చేసుకుంది. ఎవరి మతం వారిదే. ఆ పెళ్లికి ఫ్రాన్సిస్ వెళ్లలేదు. తర్వాత మనసు కరిగింది కానీ, ఆ రోజు వెళ్లలేదన్న బాధ లోపల ఉండిపోయింది. ఈ ప్రయాణంతో వియ్యపురాలి దగ్గర ఆ లోటు పూడ్చుకోవాలని అతని ఆశ.

ఆ వారమంతా ప్రేమలీల కాలు నేల మీద ఆనలేదు. ఓడలో కడుపులో తిప్పుతుందా అని పక్కింటి అసిరమ్మని రెండుసార్లు అడిగింది. తేలికపాటి నూలు చీరలు తీసి గంజి పెట్టింది. రబ్బరు చెప్పులు కొనుక్కుని, కొత్తవి కరుస్తాయని ఇంట్లోనే తొడుక్కుని తిరిగింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఆ ఇంట్లో కూడారు. మహబూబ్ బీ మంచం మీద, మిగతావాళ్లు చాప మీద. ప్రేమలీల టీ కాచడానికి వంటింట్లోకి వెళ్లింది. మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"మావయ్యా, ఒకటే సందేహం," అన్నాడు జిలానీ మొహమాటంగా. "హలాల్ కాకపోతే అమ్మ మాంసం ముట్టదు. నేనూ అంతే. ఓడలో ఎలా వండుతారో, అక్కడి హోటళ్లు ఎలాంటివో తెలీదు. అందరినీ ఇబ్బంది పెట్టినట్టవుద్దేమో."

"ఇబ్బందేటి బాబూ," ఫ్రాన్సిస్ ఉదారంగా నవ్వాడు. "తాతబాబు ఇంట్లో వంటిల్లుంది. స్టవ్వు, గిన్నెలు, మసాలాలు మనవే పట్టుకెళ్దాం. కోడిని నువ్వు దగ్గరుండి కోయించు, మీ అత్తయ్య వండీస్తాది. హోటలు మొహం సూడక్కర్లేదు."

జిలానీ ముఖం తేలికపడింది. "అయితే నిశ్చింత. అమ్మ కూడా సాయం చేస్తుంది."

"అడవిలోకెళ్లే రోజు అమ్మ పులిహోర కలిపిచ్చేస్తే సాయంత్రం దాకా తిరగొచ్చు," అంది జయశీల. "సాయంత్రం వేడిగా బజ్జీలు."

ప్రేమలీల టీ గ్లాసులున్న పళ్లెం తెచ్చి వాళ్ల మధ్య పెట్టింది. ఎవరికీ అందించలేదు.

"నాను రాను. మీరెళ్లండి."

"ఏటయింది?" ఫ్రాన్సిస్ తెల్లబోయాడు.

"ఏటీ అవలేదు. రానంతే."

జయశీల ముఖం ఎర్రబడి, విసురుగా తల్లి వైపు తిరిగింది.

"నాకు తెలుసమ్మా. హలాల్ మాట వచ్చేసరికి నీ మనసు ఇరిగిపోయింది. ఇన్నాళ్లూ పైకి నవ్వేవు గానీ, లోపల వీళ్లంటే నీకూ గిట్టదు. అది మా అత్తమ్మ ముందే చూపించాలా?"

మహబూబ్ బీ తల మీది కొంగు సర్దుకుని కళ్లు దించుకుంది. ప్రేమలీల నడుముకి దోపుకున్న చీరకొంగు లాగి మొహం తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"నీ పెళ్లి రోజు మీ నాన్న తలుపేసుకుని పడుకున్నాడు. దండ పట్టుకుని ఆ రిజిస్టరాఫీసుకొచ్చిందెవులు? ఆ ఆదివారం నుంచి చర్చిలో అందరూ నా పక్కన కూర్చోడం మానీసేరు. ఒక్కదాన్నే కూర్చుని పాట పాడేను. నీతో ఎప్పుడైనా అన్నానా? వదినగారు మనింటికొచ్చిన ప్రతిసారీ సాయిబు కొట్టుకెళ్లి కోడి కోయించుకొచ్చింది నువ్వా, నానా? నాకు గిట్టదని ఏ నోటితో అన్నావే?"

"మరెందుకు రానంటన్నావ్?" అన్నాడు ఫ్రాన్సిస్.

"మీరంతా సెలవు గురించి మాటాడతన్నారు. ఆ సెలవు నాకూ ఉందా అని ఒక్కలూ అడగలేదు. తగరపువలస సువార్త సభలకెళ్తే గాడిపొయ్యి దగ్గరే ఉన్నాను, ఒక్క వాక్యం సెవిన పడలేదు. అరకు ఎల్లినప్పుడు మీరు గుహలు సూసొచ్చి ఎంత బాగున్నాయో సెప్పేరు. నాను అన్నం వారుస్తా విన్నాను. ఇప్పుడు సముద్రం దాటినా అదే స్టవ్వు. ఆళ్లు తినేది ఆళ్ల ధర్మం, నాకు కోపమేటి? నన్ను అడక్కుండానే వంటకి ఒప్పీసుకున్నారు, అదీ నా కోపం."

"ఇంట్లో వండట్లేదా? ఇంతదానికి ఇంత రభసేటి?"

"ఇంట్లో రోజూ వండతన్నాను కాబట్టే."

పట్టాల మీద గూడ్సు బండి ఒకటి చాలాసేపు సాగి వెళ్లింది. ఆ చప్పుడు తగ్గాక మహబూబ్ బీ నోరు విప్పింది.

"వదిన నిజమే చెప్తాంది." అందరూ అటు తిరిగారు. "నేను నాగూరు దర్గాకి పోయినాను. దర్గా కంటే పొయ్యినే ఎక్కువ చూసినాను. మావోళ్లంతా సమాధి కాడ జియారత్ చేసుకుని ఆకలేసి వస్తారని బిర్యానీ దమ్ము పెట్టి కూచున్నా. జిలానీ, నా తిండి కోసమే అడిగినావు, మంచిదే. అమ్మా, నువ్వు కూడా వండుతావా అని నన్ను అడిగినావా?"

జిలానీ తల దించుకున్నాడు.

"చేపకి కోసేదేముంది బేటా? చేప మనకి ఎట్లయినా హలాలే. చుట్టూ సముద్రం. అన్నం, పప్పు, చేపలు. ఓడలో కూరగాయలు పెడితే తింటా. దీనికోసం ఇద్దరు ముసలోళ్లని స్టవ్వుతో సహా మొయ్యాల్నా?"

ప్రేమలీల వచ్చి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది.

"తప్పు నాదే అత్తయ్యా," అన్నాడు జిలానీ. "పెళ్లికి ముందు గాజువాక రూములో నేనే వండుకునేవాణ్ని. అక్కడా నేనే వండుతాను. మీరు రావాలి."

"నాకు టీ కాయడం కూడా రాదు," ఫ్రాన్సిస్ గొణిగాడు.

"వచ్చే నెల దాకా నేర్చుకోండి," అంది ప్రేమలీల. ఆ గొంతులో ఇంకా వేడి తగ్గలేదు.

చల్లారిన టీ గ్లాసులు జయశీల లోపలికి తీసుకెళ్లింది. ఎంతసేపటికీ రాకపోయేసరికి ప్రేమలీల వెళ్లి చూసింది. కూతురు గ్లాసులు ముందేసుకుని తొలవకుండా ఏడుస్తోంది.

"పులిహోర మాట అన్నది నానేనమ్మా. వాళ్లు మగాళ్లు, తెలీదనుకో. నాకేటయింది? పైగా నిన్ను అంత మాటన్నాను."

ప్రేమలీలకి వెంటనే క్షమించబుద్ధి కాలేదు. ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో అక్కడ ఇంకా సలుపుతూనే ఉంది. అయినా కూతురి తల దగ్గరికి తీసుకుంది.

"ఇంకెప్పుడైనా కోపమొస్తే ముందు అడుగే. అడిగితే సెప్తాను కదా."

ఆఖరికి అయిదుగురూ ఓడ ఎక్కారు. తాతబాబు చెప్పిన మాటలు నిజమే. ఆ ద్వీపంలో నీళ్లు అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా ఉన్నాయి. మొదటి రోజు తెల్లవారుతూనే అలవాటు కొద్దీ ప్రేమలీల మేలుకుని వంటింటి వైపు నడిచింది. లోపల పొగ. ఫ్రాన్సిస్ తడి కట్టెల పొయ్యిని ఊదుతూ దగ్గుతున్నాడు. జిలానీ చేపలకి పసుపు రాస్తున్నాడు.

"నువ్వెల్లు," అన్నాడు ఫ్రాన్సిస్ తలెత్తకుండానే.

ఆమె వెళ్లి మహబూబ్ బీ పక్కన ఇసుకలో కూర్చుంది. అలలు వచ్చి పాదాలు తడిపి వెళుతున్నాయి. ఏం చెయ్యాలో తెలియని చేతులు ఒళ్లో పెట్టుకుని ఇద్దరూ నీళ్లకేసి చూస్తూ ఉండిపోయారు.

ఎండ ముదిరాక మగవాళ్లు కంచాల్లో అన్నం, చేపలకూర తెచ్చారు. మొదటి ముద్దకే జయశీల నీళ్లు తాగింది. ఉప్పు విపరీతంగా పడింది. ఫ్రాన్సిస్ తానూ ఒక ముద్ద తిని, కంచం కింద పెట్టేశాడు. పొగకి అతని కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఇన్నేళ్లూ ఈ పొగలోనే కూర్చున్నావా లీలా," అన్నాడు నెమ్మదిగా. "నాను సూడనేలేదు."

ప్రేమలీల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత వేడినీళ్లు, చింతపండు పులుసు పోసి మరిగిస్తే కూర సరిపోతుందని ఆమెకు తెలుసు. లేవబోయింది. మహబూబ్ బీ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

ప్రేమలీల మళ్లీ కూర్చుంది. ఆ ఉప్పు కూరే కలుపుకుని, మెతుకు మిగల్చకుండా తింది.