మాట పూర్తి కానివ్వని స్వీటీ

పేరు స్వీటీ. ఆ పేరు పెట్టిన మేనత్తను శాలిబండలో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. పుట్టినప్పుడు ఎలా ఉండేదో గానీ, డిగ్రీ చేతికొచ్చే నాటికి ఆ పిల్లకు కోపం ముక్కు మీదే కాపురం పెట్టింది.

ఆ రోజు మాత్రం కోపానికి కారణం ఉంది. అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఫోన్‌లో మాక్ టెస్ట్ రిజల్ట్ చూసుకుంది. ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్ పరీక్ష దగ్గరికొస్తోంది. లెక్కల్లో తొంభై ఎనిమిది పర్సెంటైల్. వెర్బల్‌లో, అంటే ఇంగ్లిష్‌లో, అరవై రెండు. కిందటి మాక్‌లోనూ అరవై రెండే. అంతకు ముందూ అంతే. ఆ అంకె అక్కడ సొంతిల్లు కట్టుకున్నట్టుంది.

"దీని మొహం మండ, మళ్ళ వెర్బలే" అంటూ ఫోన్ బోర్లా పెట్టింది.

ఎదురుగా కూర్చున్న అబ్బాయి తలెత్తాడు. గళ్ళ చొక్కా, నిదానమైన కళ్ళు. చదువుతున్న పుస్తకంలో వేలు పెట్టి మూశాడు. బాగా ఆలోచించి అప్పుడు నోరు విప్పాడు.

"మీకు వెర్బల్‌ల... ఏ ప్రశ్నలు..."

"అన్నీ. ఏ రకం ఇచ్చినా తప్పే. ఇంకేమన్న?"

"అది కాదు. పాసేజ్ చదివేటప్పుడు..."

"చదివిన. అర్థం కూడా అయింది."

"నేననేది ఏందంటే..."

"ఇంగ్లిష్ పేపర్ చదవాలె, నవలలు చదవాలె, పదాలు బట్టీ పట్టాలె. గదే కద? కోచింగ్‌ల గదే చెప్పిన్రు, యూట్యూబ్‌ల గదే చెప్పిన్రు. అన్నీ చేసిన. థాంక్స్."

అతను మళ్ళీ పుస్తకం తెరిచాడు. ఇక మాట్లాడడనుకుని స్వీటీ బ్యాగు సర్దుకోబోయింది.

"ఇందాక టెస్ట్ రాసుకుంట మీరు తిట్టిన్రు. రోడ్లు వెడల్పు చేస్తే ట్రాఫిక్ ఇంకా పెరుగుతదని రాసినాయన్ని. 'గీయన ఎప్పుడన్న శాలిబండల బస్సెక్కిండా' అన్నరు. అంటే మీరు పాసేజ్ చదువుతలేరు. దాంతోటి కొట్లాడుతున్నరు. ఆయన మాట నచ్చలే. అందుకని మీ మాటకు టిక్కు పెట్టిన్రు."

స్వీటీకి ఒళ్ళు మండింది. అతను చెప్పింది అబద్ధమైతే అంత మండేది కాదు. కుర్చీని చప్పుడయ్యేలా వెనక్కి నెట్టి బయటికి నడిచింది.

ఆమె బాధ ఆమెది. శాలిబండలో తండ్రి రామ్‌చందర్‌కు పాల దుకాణం ఉంది. తాతల నాటి నుంచీ అదే వ్యాపారం. స్వీటీ ఇప్పటికే రెండుసార్లు క్యాట్ రాసింది. రెండుసార్లూ లెక్కలు నెత్తిన పెట్టుకున్నాయి, వెర్బల్ కింద పడేసింది. వెర్బల్‌లో కటాఫ్ దాటకపోతే లెక్కల్లో ఎంతొచ్చినా ఏ కాలేజీ పిలవదు. ఈసారే ఆఖరని తండ్రి చెప్పేశాడు. "రాకపోతే ఫికర్ చెయ్యకు బిడ్డా, అలియాబాద్‌ల కొత్త దుకాణం తెరుస్తున్నం, అది నీకే" అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమెకు మరీ కోపం వచ్చింది. పాలమ్మడం తక్కువ పని అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తను ఎక్కడ కూర్చోవాలో ఇంకొకరు తేల్చడమే ఆమెకు పడదు.

మర్నాడు అదే బల్ల దగ్గరికి పోయి, అతని ఎదుట కూర్చుంది.

"నీకు లెక్కలొస్తయా?"

"రావు."

"నేను చెప్త. నువ్వు నాకు వెర్బల్ చెప్పు. సరేనా? చెప్పు, సరేనా?"

"సరే అనే... అనబోతున్న."

అతని పేరు అంజన్. ఉస్మాన్‌గంజ్‌లో మేనమామ మిర్చి హోల్‌సేల్ దుకాణంలో పని చేస్తూ అతనూ క్యాట్‌కే చదువుకుంటున్నాడు. మిర్చి బస్తాల మధ్య బతికేవాడు చల్లగా ఉండడమేమిటో, పాల క్యాన్ల మధ్య పెరిగింది ఇలా భగ్గుమనడమేమిటో దేవుడికే తెలియాలి.

లెక్కలు చెప్పేటప్పుడు స్వీటీ తిట్టేది. వెర్బల్ చెప్పేటప్పుడు అంజన్ తిట్టేవాడు కాదు, అది ఇంకా కష్టంగా ఉండేది. ప్రశ్న కింద ఉన్న నాలుగు జవాబులనూ అరచేత్తో మూసేసేవాడు.

"ముందు రాసినాయన ఏమన్నడో నీ మాటల్ల చెప్పు. తర్వాత చెయ్యి తీస్త."

"ఆయన తప్పన్నడు."

"అది నీ తీర్పు. ఆయన మాట చెప్పు."

"చెయ్యి తియ్యి."

"ఆయన మాట."

"నీకు వాచ్ ఉన్నదా? పరీక్ష సాయంత్రం దాకా పెడ్తరనుకున్నవా?"

అతను నవ్వేవాడు. నవ్వినప్పుడు పుస్తకం వైపు కాక ఆమె వైపు చూసేవాడు. ఆమె చూసేసరికి మళ్ళీ పుస్తకంలోకి పోయేవాడు. స్వీటీకి అదీ కోపమే. చూస్తే పూర్తిగా చూడొచ్చు కదా అని.

అతని లెక్కలు బాగుపడ్డాయి. ఆమె వెర్బల్ అరవై నాలుగుకు ఎక్కి, మళ్ళీ అరవై రెండుకే దిగొచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రమే వాన. పోవలసిన వాన పోకుండా అక్టోబర్‌లో కూడా నగరాన్ని పట్టుకుని వేలాడుతోంది. ఇద్దరూ బస్టాపు రేకు కింద నిలబడ్డారు. గాలికి జల్లు లోపలికే కొడుతోంది. అంజన్ తన బ్యాగును ఆమె తడవకుండా అడ్డం పట్టి, చాలాసేపు వాననే చూశాడు. అతను ఏదో చెప్పబోతున్నాడని ఆమెకు తెలిసింది. గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది, అబద్ధమెందుకు.

"స్వీటీ... రేపటి సంది నేను లైబ్రరీకి... రాను."

అంతే. ఆమె మొహం గంటు పెట్టుకుంది.

"తెలుసు. ఎన్నిసార్లు చెప్పినా దీనికి రాదని తేలిపోయింది. నీ లెక్కలు నీకొచ్చినయ్. గదే కద?"

"అది కాదు. మామ..."

"మామ వద్దన్నడా? మంచిగైంది. నాకు ఎవరి జాలి అక్కర్లే."

"ఒక్క మాట పూర్తిగ..."

చార్మినార్ వైపు బస్సు వచ్చింది. వానలోనే ఉరికి ఎక్కేసింది. సీటు దొరకగానే చేసిన మొదటి పని అతని నంబర్ బ్లాక్ చేయడం. తర్వాత కిటికీలోంచి చూసింది. అతను బ్యాగును ఇంకా అలాగే అడ్డం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ వెర్రి చూసి ఆమెకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి.

ఇంట్లో మూడు రోజులు ఎవరూ ఆమెను పలకరించలేదు. అన్న రవీందర్ ధైర్యం చేసి "ఏమైందే" అనబోయి, "ఏం కాలే" అన్న జవాబు ముందే విని వెనక్కి పోయాడు.

పొద్దునపూట దుకాణంలో కూర్చునేది స్వీటీయే. ఆమె చేతి వేగానికి గల్లీ అంతా పేరుంది. గిరాకీ "ఆధా" అనేలోపే అర లీటరు డబ్బాలో పడుతుంది. ఎవరికేం కావాలో వాళ్ళ నడకను బట్టి చెప్పేస్తుంది. వరుస ఎంతున్నా చిటికెలో ఖాళీ. ఆ పనితనమంటే ఆమెకు లోలోపల గర్వం.

ఆ పొద్దున వెనక గల్లీ విమలాదేవి స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. "బిడ్డా..." అనేసరికి స్వీటీ డబ్బా అందుకుని అర లీటరు పోసి మూత పెట్టేసింది.

విమలాదేవి కదల్లేదు. డబ్బాను బల్ల మీదే ఉంచి, కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఇయ్యాల నేను చెప్పేదాక పోను. నాకు అర లీటరు వద్దు. దసరా కాన్నుంచి మా ఆయన పాల చాయ్ బంద్ చేసిండు, షుగరని. పావు లీటరు చాలని రోజూ చెప్పనీకె వస్తున్న. నేను బిడ్డా అనంగనే నువ్వు పోసేస్తవు. నీ మొహం చూస్తే మళ్ళ నోరు రాదు. మిగిలిన పాలు గోడ మీది పిల్లులకు పోస్తున్న. బలిసినయ్ అవి. నడుస్తలేవు."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. స్వీటీకి నవ్వు రాలేదు. చేతిలో కొలత గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రోజూ వచ్చే మనిషి రోజూ ఒకే మాట చెప్పబోతే, తను మొదటి ముక్క విని మిగతాది తనే రాసేసుకుంది.

వరుసను తండ్రికి అప్పగించి లోపలికి పోయింది. కొత్త మాక్ తెరవలేదు. తప్పు పోయిన పాత ప్రశ్నలన్నీ ముందేసుకుని కూర్చుంది. రోడ్ల పాసేజ్, పత్తి రైతుల పాసేజ్, పాత సినిమా థియేటర్ల పాసేజ్. ప్రతిదానిలోనూ మొదటి రెండు లైన్లకే అర్థమైపోయిందనుకుంది. రాసినాయన సగంలో "కానీ" అని మలుపు తిరిగి ఇంకేదో చెప్పాడు. అప్పటికి ఆమె ఎప్పుడో పాలు పోసేసింది.

తన మీద తనకే వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ కోపంతోనే జవాబులను అరచేత్తో మూసుకుని, చివరి లైను దాకా చదివి, ఆయన ఏమన్నాడో గోడకు చెప్పింది. నచ్చని మాటను కూడా చెప్పింది. వాదన పెట్టుకోకుండా ఉండటానికి పళ్ళు బిగపట్టవలసి వచ్చింది. రోజూ అదే పని. ఆదివారం మాక్‌లో వెర్బల్ డెబ్బై తొమ్మిది.

అమ్మకు చెబుదామని లేచి, మళ్ళీ కూర్చుంది. ఈ అంకె ముందు చెప్పవలసిన మనిషి వేరే ఉన్నాడు. అతను ఆ వానలో ఏమనబోయాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలుసని మాత్రమే అనుకుంది.

ఉస్మాన్‌గంజ్‌లో ఆ దుకాణం మెట్లెక్కగానే ఆమెకు తుమ్ములు మొదలయ్యాయి. బస్తాల వెనక నుంచి అంజన్ వచ్చాడు. ఆమెను చూసి నవ్వలేదు.

"ఆ రోజు నువ్వు చెప్పబోయింది చెప్పు" అంది. మధ్యలో తుమ్మింది.

"ఇప్పుడెందుకు? నీకు తెలుసు కద."

"అంజన్."

"నీతోటి కలిసినకాడి నుంచి నేను ఒక్క మాట పూర్తి చెయ్యలే. సగం నేనంట, సగం నువ్వంటవు. నువ్వన్నదానికి నన్ను తిడ్తవు. ఫోన్ బ్లాక్ చేస్తవు. నాకు కోపం రాదనుకున్నవా?" ఇంత పొడుగు మాట అతను ఆగకుండా అనడం ఆమె ఎన్నడూ వినలేదు. "సాయంత్రం దుకాణంల కూసోమని మామ అన్నడు. లైబ్రరీకి రాను, పొద్దున మీ దుకాణం కాడికే వస్త, గిరాకీ లేనప్పుడు చదువుకుందం, మీ బాపును అడుగు. గిదీ నేను చెప్పబోయింది."

స్వీటీ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. అతను ఇంకా ఏదో అనేలా ఉన్నాడు. ఆగింది.

"ఇంకొకటి కూడ ఉండె" అన్నాడు. "అది ఇప్పుడు చెప్ప."

"ఎందుకు?"

"నేనిప్పుడు మస్తు కోపంల ఉన్న. అది కోపంల చెప్పే మాట కాదు."

ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మిర్చి ఘాటు అనుకోవడానికి అది మంచి చోటే. రామ్‌చందర్ ఇంట్లో తప్పు ఒప్పుకునే అలవాటు ఎవరికీ లేదు. అందుకని ఆ మాట ఆమెకు చాలా కష్టంగా వచ్చింది.

"తప్పు నాదే. పొద్దున రా. బాపును నేనడుగుత."

అతను వచ్చాడు. పరీక్ష దాకా రోజూ వచ్చాడు. పాల క్యాన్ల పక్కన స్టూలు వేసుకుని ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. ఆమె గిరాకీలను "ఎంత కావాలె?" అని అడగడం, వాళ్ళు చెప్పేదాకా ఆగడం రామ్‌చందర్ వింతగా చూశాడు. వరుస కొంచెం పెరిగింది. గోడ మీది పిల్లులు చిక్కాయి.

డిసెంబర్‌లో రిజల్ట్ వచ్చిన సాయంత్రం దుకాణం ముందు మంచి రద్దీ. స్వీటీ వెర్బల్ ఎనభై ఎనిమిది. ఏ కటాఫ్ అయితే రెండేళ్ళు ఏడిపించిందో దాన్ని దాటేసింది. అంజన్ లెక్కల్లో బొటాబొటీగా గట్టెక్కాడు. అతను వచ్చి వరుసలోనే నిలబడ్డాడు. వంతు వచ్చేసరికి ఎదురుగా తండ్రీ కూతుళ్ళిద్దరూ ఉన్నారు.

"అంకుల్... నాకు..."

రామ్‌చందర్ అప్పటికే కొలత గిన్నె క్యానులో ముంచాడు. స్వీటీ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆగు బాపూ. పూర్తిగ చెప్పనియ్యి."

ఆమె నోట ఆ మాట విని రవీందర్ లోపలి నుంచి బయటికొచ్చాడు.

"స్వీటీకి ఎక్కడ సీటొచ్చినా... పోయి చదవాలె" అన్నాడు అంజన్. ఆగాడు. వరుసలో ఒకాయన "జల్దీ భాయ్" అన్నాడు. అతను తొందరపడలేదు. "నేను కూడ ఏదో ఒక కాలేజీల చదువుత. ఆమె కోపంతోటి వచ్చినా... నవ్వుకుంట వచ్చినా... నేను ఎదురు చూస్త. ఆమె అంటే నాకు ఇష్టం. మొదటి దినం లైబ్రరీల ఫోన్‌ను తిట్టినప్పటి సంది. మీరు... ఒప్పుకుంటే పెండ్లి చేసుకుంట. ఆమె... ఒప్పుకుంటేనే."

రామ్‌చందర్ గిన్నెను క్యాను అంచున తగిలించాడు. మొహం చిట్లించాడు. అది కోపమో కాదో ఆ ఇంట్లో పోల్చడం కష్టం.

"నువ్వు గీ ముచ్చట చెప్పేలోపల నా పాలు తోడుకునేటట్టున్నయ్" అన్నాడు.

లోపలి నుంచి తల్లి రాజమణి గొంతు వినిపించింది. "ఉండనియ్యుండ్రి. ఈ కొంపల ఒక్కరన్న నిదానంగ మాట్లాడేటోడు ఉండాలె."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటవు బిడ్డా?"

స్వీటీ అంజన్‌ను చూసింది. ఈసారి అతను చూపు తిప్పుకోలేదు.

"అయిపోయిందా? ఇంకేమన్న ఉందా?" అని అడిగింది.

అంజన్ ఆలోచించాడు. అప్పుడు కూడా ఆలోచించాడు మహానుభావుడు.

"అయిపోయింది."

"అయితే సరే" అంది స్వీటీ.

అతను "అంకుల్" అన్నప్పుడే ఆ జవాబు ఆమె నాలుక చివరికి వచ్చింది. చివరి మాట దాకా దాన్ని పట్టుకుని నిలబడటం, క్యాట్ పరీక్ష కంటే కష్టమైంది ఆమెకు.