ఊరట శబ్దం

విశాఖపట్నంలో విమానం ఎక్కబోయేవాళ్ళని "ఏ విమానాశ్రయం?" అని ఎవరూ అడగరు. "నేలదా, నీటిదా?" అంటారు. ఊరూరూ తిరిగే చిన్న గాలిబస్సులన్నీ నేలమీది పాత విమానాశ్రయంలో వాలతాయి. సముద్రాలు దాటే పెద్ద విమానాలు తీరానికి దూరంగా నీళ్ళమీద తేలే కొత్తదాంట్లోంచి లేస్తాయి. రెంటికీ మధ్య సముద్రం అడుగున సొరంగం ఉంది. ఒకప్పుడు పిల్లలతో ఆ సొరంగం దాటడమంటే తల్లులు హడలిపోయేవారు. చంకలో ఒకడు, చేతిలో ఒకతె, భుజాన సంచి. చెవులు దిబ్బడ వేసేవి, చీకటికి పిల్లలు కేకలు పెట్టేవారు. తోడుబండి వచ్చాక ఆ అవస్థ తప్పింది.

తోడుబండి చూడ్డానికి పెద్ద కుంకుమభరిణెలా ఉంటుంది. లోపల పిల్లలకి రెండు కుర్చీలు, పెద్దవాళ్ళకి ఒక్కటే కుర్చీ. ఆ ఒక్క కుర్చీలో ఎవరు కూర్చోవాలో బండే చెబుతుంది. అందుకోసం ప్రయాణానికి కొన్నాళ్ళ ముందునుంచే పిల్లల చేతికి నాడికడియం తొడుగుతారు. పిల్లలకి భయమేసినప్పుడు నాడి పరుగెడుతుంది. ఎవరో ఏదో అంటారు, అది నెమ్మదిస్తుంది. ఏ మాట విన్నాక నెమ్మదించిందో ఆ ఒక్క మాటని కడియం పట్టి దాచుకుంటుంది. మిగతా మాటలన్నీ అక్కడికక్కడే మరిచిపోతుంది. ఆ దాచుకున్న ముక్కకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఊరట శబ్దం. ప్లాట్‌ఫారం మీద బండి నెత్తినున్న దీపం ఆ గొంతు గల మనిషివైపు తిరుగుతుంది. తోడు కుర్చీ ఆ మనిషిదే. తక్కినవాళ్ళు వెనక బండిలో రావాలి.

దేవుడు నాడిని చర్మం లోపల దాచాడు. మనం దానికి దీపం తగిలించి నలుగురిలో పెట్టాం. మంచి చేశామో లేదో ఆయనకే తెలియాలి.

ఆ ఉదయం దీపం మెల్లగా తిరిగి, పిల్లల తల్లి నళినిని దాటి, పెద్దమ్మ వరాలు మీద ఆగింది.

"పెద్దమ్మా, దీపం నిన్నే చూస్తంది!" అని నాలుగేళ్ళ అప్పూ గంతులేశాడు.

వరాలు గాభరాగా పక్కకి జరిగింది. దీపం కూడా జరిగింది. "దీని కళ్ళు మండ! నళినీ, నువ్వెక్కమ్మా. నేనెనక బండిలో వస్తాను."

"ఎందుకక్కా? యంత్రానికి మొహమాటాలుండవు కదా," అంది నళిని. నవ్వుతూనే అంది గాని గొంతు కరుకుగా వచ్చింది.

పక్కనే ఉన్న స్టేషన్ ఇంజనీరు కామేశానికి సందర్భం అర్థం కాలేదు. "అదేంటి మేడం, మీరు చేసిన బండి మిమ్మల్నే గుర్తుపట్టలేదా!" అని పగలబడి నవ్వాడు.

నిజమే, ఆ బండిని తయారుచేసిన వాళ్ళలో నళిని ముఖ్యురాలు. రెండేళ్ళ కిందట భర్తతో కలిసి నైరోబీ ప్రయోగశాలకి వెళ్ళినప్పుడు, కుదురుకోగానే తీసుకెళ్దామని పిల్లల్ని తోడికోడలు వరాలు దగ్గర శ్రీకాకుళంలో వదిలింది. కుదురుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు తీసుకుపోతోంది. పిల్లల చేతులకి కడియాలు నెల ముందే పంపి తొడిగించింది. వరాలు సాగనంపడానికి నీటి విమానాశ్రయం దాకా వస్తోంది.

మొదట్లో ఈ బండి వెతికింది గొంతుని కాదు, 'అమ్మ' అనే పిలుపుని. ఇంట్లో అందరూ ఎవరిని అమ్మా అని పిలుస్తారో ఆవిడే తల్లి అని నేర్పారు. నైరోబీలో ఒక తెలుగు కుటుంబంతో పరీక్షిస్తే దీపం వెళ్ళి అయిదేళ్ళ పిల్లమీద ఆగింది. తాత "అమ్మా, ఇలా రా" అంటాడు, తండ్రి "ఏమ్మా, పాలు తాగావా" అంటాడు, తల్లి కూడా "ఏడవకమ్మా" అంటుంది. సహోద్యోగి ఒటియెనో కడుపు పట్టుకుని నవ్వాడు. "మీ దేశంలో ఆడపిల్లలు పుడుతూనే తల్లులైపోతారా?" అన్నాడు. అప్పుడు నళినే దారి మార్చింది. "పిలుపుని నమ్మొద్దు. నాడిని నమ్ముదాం. ఏ గొంతు వింటే పిల్లలు ఊరుకుంటారో ఆ గొంతే తల్లి." ఆ వాక్యానికి ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఇప్పుడు చెంపలమీద పడుతున్నట్టుంది.

వచ్చిన వారం రోజులుగా చూస్తూనే ఉంది. ఎనిమిదేళ్ళ జాజి జడ పెద్దమ్మ వేస్తేనే జడ. అప్పూకి పెద్దమ్మ కలిపితేనే అన్నం. నళిని ముద్ద చేసి పెడితే మర్యాదగా రెండు తిని, "చాలండీ" అన్నాడు. కన్నకొడుకు అండీ అన్నాడు! సాయంత్రం, నైరోబీ నుంచి రోజూ ఆమె ఫోనులో కనిపించే వేళకి, ఆమె గదిలో ఉండగానే, వెళ్ళి గోడమీది తెరకి బుగ్గ ఆనించి నిలబడ్డాడు. ఆటేమో అనుకుంది. పైగా నిన్న అన్నాల దగ్గర వరాలు, "చదువు మధ్యలో ఎందుకు, ఇంకొక్క ఏడాది ఉంచమ్మా" అంది. ఆ మాటకి నళినికి ముద్ద దిగలేదు.

ఇప్పుడు తన బండే ఆవిడ పక్షాన సాక్ష్యం చెప్పింది. నిజంగా వీళ్ళు ఆవిడ పిల్లలైపోతే, లాక్కుపోవడం ఏం న్యాయం? నళిని కళ్ళు మూసుకుంది. 'సింహాద్రి అప్పన్నా, నువ్వే చూడు. ఈ సొరంగం దాటేలోగా వీళ్ళు నా దగ్గర ఊరుకుంటే తీసుకెళ్తాను. ఊరుకోకపోతే అక్కతో వెనక్కి పంపేస్తాను.' మొక్కిన మొక్కు ఆమె ఎన్నడూ తప్పలేదు.

"కామేశంగారూ, దీపం ఆపండి. నేనెక్కుతున్నాను," అంది. తయారుచేసినవాళ్ళకి ఆపాటి అధికారం ఉంటుంది.

వరాలు అప్పూ మూతి తుడిచి, టోపీ సర్ది, వెనక బండివైపు వెళ్ళిపోయింది.

బండి సొరంగంలోకి జారింది. ఆకుపచ్చ నీళ్ళు గాజుకి అటువైపు మెరిసి, మెల్లగా నల్లబడ్డాయి. కొంతదూరం బాగానే సాగింది. జాజి చేపలు లెక్కపెట్టింది. సముద్రం లోతున రెండు ఇనుప తలుపుల మధ్య, గాలి ఒత్తిడి సర్దడానికి బండి ఆగుతుంది. అక్కడ దీపాలు మసకబారతాయి. చెవులు మూసుకుపోయాయి. అప్పూ ఒక్క క్షణం నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఉండి, ఆపైన గుక్కపట్టాడు.

నళిని ఒళ్ళోకి లాక్కుంది. "నేనున్నానుగా నాన్నా. చూడు, అమ్మని."

వాడు రెండు చేతులా ఆమెని తోశాడు.

"ఊరట శబ్దం వినిపించమంటారా?" అని బండి మెత్తగా అడిగింది.

"వద్దు."

"బాబు నాడి పెరుగుతోంది."

"వద్దన్నానా!"

"వినిపించనీయమ్మా, వాడికి ఊపిరాడ్డం లేదు," అంది జాజి, ఏడుపు గొంతుతో.

నళినికి ఏం వినాలో తెలుసు. ఏ జోలపాటో, ఏ ముద్దుమాటో, తను లేని రెండేళ్ళలో వరాలు ఈ పిల్లాడికి పోసిన తేనె అంతా ఇప్పుడు తన చెవిలో పోస్తారు. "సరే," అంది.

బండిలో వరాలు గొంతు పలికింది. అలసిపోయిన గొంతు.

"అమ్మొచ్చేస్తాది నాన్నా. ఇదిగో, బయల్దేరిపోనాది. వచ్చేస్తాది. ఊరుకో."

అప్పూ ఏడుపు ఆగింది. వెక్కిళ్ళు ఒకటొకటిగా తగ్గాయి. వాడు నళిని ఒళ్ళోనే నిటారుగా కూర్చుని, బండి తలుపుకేసి కళ్ళార్పకుండా చూశాడు.

"ఈ తలుపులోంచే వస్తాదా?" అని ఆమెనే అడిగాడు.

"ఎవరు నాన్నా?"

"అమ్మ."

నళినికి చెవులు మళ్ళీ మూసుకుపోయినట్టయింది.

"వాడు రోజూ అంతే," అని జాజి పెద్దదానిలా చెప్పింది. "పెద్దమ్మ ఆ మాట అనేదాకా ఊరుకోడు. ముందర్లో నేనూ అంతేలే."

ఇంతసేపూ వరాలు మీద రగిలిన అసూయకి ఇప్పుడు ఎటు పోవాలో తెలియలేదు. దీపం వరాలు గొంతు మీద ఆగింది, సరే. ఆ గొంతులో ఉన్నది మాత్రం నళినే. వస్తానన్న నళిని, ఎప్పుడూ బయల్దేరుతూనే ఉన్న నళిని. పిల్లవాడు ఎదురుచూస్తున్న ఆ అమ్మ ముందు, వచ్చి కూర్చున్న ఈ అమ్మ ఎవరికీ పట్టని మనిషి. తన మీద తనే కుళ్ళుకునే రోజు వస్తుందని ఆమె అనుకోలేదు.

మరి మొక్కు సంగతి? పిల్లవాడు ఆమె ఒళ్ళో ఊరుకున్నాడు, వరాలు మాటకి ఊరుకున్నాడు, నళిని కోసం ఊరుకున్నాడు. స్వామి తీర్పు ఇచ్చాడా, నువ్వే తేల్చుకోమన్నాడా? అడిగితే చెప్పేవాడైతే ఆయన కొండమీద అంత చందనం పూసుకుని ఎందుకు కూర్చుంటాడు!

నీటి విమానాశ్రయంలో వెనక బండి దిగీ దిగగానే వరాలు పరుగున వచ్చింది. "ఏడ్చాడా?"

"ఏడ్చాడు. నీ మాటకి ఊరుకున్నాడు."

ఎంత అణుచుకున్నా వరాలు మొహం వెలిగింది. "ఏ మాటకి?"

నళిని చెప్పింది. ఆ వెలుగు చప్పున ఆరిపోయింది.

"ఆ మాటా? ఇంకో మాటే దొరకనేదా దీనికి?" అంటూ వరాలు బండివైపు కొరకొరా చూసింది. "ఎన్ని పాటలు పాడేనే! ఎన్ని కథలు చెప్పేను! జ్వరమొస్తే భుజం మీంచి దించకుండా తిరిగేదాన్ని. నా భుజం మీదుండి, నీ పేరు చెప్తేనే నిద్దరోయేవాడు. కడుపు మండిపోయేది నళినీ. అబద్ధమెందుకు, ఓపాలి 'అమ్మ రాదురా, నేనే అమ్మని' అనేశాను కూడా."

"ఏమన్నాడు?"

"ఏటంటాడు. ఇంకో రెండిళ్ళకి వినపడేలా ఏడ్చాడు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇద్దరూ కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు.

అప్పూ ఇంకా బండి తలుపునే చూస్తున్నాడు. వరాలు వాడి ముందు గొంతుక్కూచుంది. "ఎవరి కోసంరా చూస్తన్నావు?"

"అమ్మ."

వరాలు వాడి గడ్డం పట్టి ఇటు తిప్పింది. "ఇంక ఎదురుచూడక్కర్నేదు నాన్నా. అమ్మ వచ్చేసినాది. ఇదిగో." నళిని చెయ్యి తీసుకుని వాడి చేతిలో పెట్టింది.

వాడు ఆ చేతిని తిప్పి చూశాడు. మొహంకేసి చూశాడు. తెరకి ఆనించినట్టే బుగ్గ తెచ్చి నళిని బుగ్గకి ఆనించి, చటుక్కున వెనక్కి తీశాడు.

"నువ్వు వెచ్చగా ఉన్నావేం?" అన్నాడు.

జవాబు వరాలే చెప్పింది. "నిజం అమ్మ అలాగే ఉంటాదిరా."

ఇంక మొక్కు గురించి నళిని ఆలోచించలేదు. పిల్లలిద్దర్నీ పట్టుకుని విమానంవైపు నడిచింది. సాగనంపేవాళ్ళని ఆపే గీత దగ్గర వరాలు నిలబడిపోయింది. చెయ్యి ఊపలేదు. ఊపితే వాడు వెనక్కి పరుగెత్తుతాడని.

విమానం లేచి, తీరం సన్నటి గీతై మాయమయ్యాక, అప్పూ పక్క కుర్చీలన్నీ వెతికాడు.

"పెద్దమ్మేదీ?"

జాజి కిటికీవైపు తిరిగి కూర్చుంది. అప్పూ పెదవి వణికింది. నళిని వాణ్ణి గుండెకి హత్తుకుంది. పాట పాడింది. మబ్బులు చూపించింది. మేకల కథ చెప్పింది. ఏడుపు గుక్కలోకి తిరుగుతోంది. వేరే దారి తోచలేదు. తోచిన ఒక్క మాటా ఆమె నోటివెంట దానంతటదే వచ్చింది.

"పెద్దమ్మ వచ్చేస్తుంది నాన్నా. ఇదిగో, బయల్దేరింది. వచ్చేస్తుంది. ఊరుకో."

వాడు వెక్కుతూ విమానం తలుపుకేసి చూశాడు. ఆ చూపుతోనే కళ్ళు వాలాయి. వెచ్చటి ఊపిరి ఆమె మెడకి తగిలింది.

వాడి చేతి కడియం మీద ఆకుపచ్చ చుక్క మెరిసింది. సన్నటి గొంతు నళిని చెవిలో చెప్పింది: "బాబుకి కొత్త ఊరట శబ్దం దొరికింది. స్వరం మీదే. నమోదు చేయమంటారా?"

ఆ ఉదయం ప్లాట్‌ఫారం మీద ఆమె ప్రాణం పెట్టి కోరుకున్న మాట అది. "చెయ్యి," అంది నళిని, పిల్లవాడు లేవకుండా.

వరాలు చెప్పిన ఆ కడుపుమంట ఆమెలోనూ సన్నగా మొదలైంది.