సబ్బుబిళ్ల మీద గోడ

ఏరా అల్లుడూ, ట్యాబ్లెట్ మీద గీసిన ఆ బొమ్మేంటి? మీ అత్తయ్య మొహమా, నూనె రాసిన గుమ్మడికాయా? మూతి ముడవకు. అచ్చం నీలాగే గీసేవాడొకడు సీక్రెట్ ఏజెంటయ్యాడు. విను.

బొమ్మలన్నీ నున్నగా గీస్తాడని డిపార్ట్‌మెంట్ వాడికి పెట్టిన కోడ్‌నేమ్ ‘సబ్బుబిళ్ల’.

చీఫ్ బ్రీఫింగ్ రెండు ముక్కల్లో తేల్చేశాడు. "ఆర్ట్ గ్యాలరీ ముసుగులో విదేశీ ముఠా ఒకటి దిగింది. మన సైంటిస్టుని చంపాలని వెతుకుతోంది. ఆయన్ని సేఫ్‌హౌస్‌లో దాచాం. రాత్రిళ్లు ఇంటికి నువ్వే కాపలా. పగలు ఆర్టిస్టు వేషంలో ముఠాలో దూరు."

"సైంటిస్టుగారిని ఒకసారి చూడొచ్చా సార్?"

"వద్దు. తలుపు దగ్గర కాఫీ పెట్టు, చాలు."

రోజూ పెట్టేవాడు. లోపలినుంచి చిన్న దగ్గు వినిపించేది. ఆ దగ్గు మీదే వాడికి ఎక్కడలేని అభిమానం పుట్టింది.

గ్యాలరీలో నల్లకళ్లద్దాల మేడమ్ వాడి బొమ్మ చూసి పెదవి విరిచింది. "ఇది ముసలి జాలరి మొహమా? ఈగ వాలితే జారిపడుతుంది. టెక్స్‌చర్ ఏదండీ? ఏదైనా గరుకు గోడ ఫోటో తీసి, లేయర్‌గా పైన పరవండి."

పక్కనున్న తుపాకీవాడు పళ్లికిలించాడు. ఏజెంటుకి చెవులదాకా కాలిపోయింది.

ఆ రోషంలో సేఫ్‌హౌస్‌కి రాగానే ఎదురుగా కనబడ్డ పెచ్చులూడిన గోడని ఫోటో తీశాడు. జాలరి మీద పరిచి పలచన చేశాడు. పగుళ్లు కళ్లకింద గీతలయ్యాయి. పెచ్చులు ఉప్పుగాలికి ఎండిన బుగ్గలయ్యాయి. ఫోటోలో పడ్డ కిటికీని మాత్రం చెరపలేదు, మాస్క్ వేసి ఊరికే దాచాడు. లేయర్లు కలపకుండానే, అంటే ఏ పొరకాపొర విప్పి చూడగలిగేలాగే, మేడమ్‌కి ఫైల్ పంపేశాడు.

మర్నాడు మేడమ్ పెద్ద స్క్రీన్ ముందు నిలబడి, "అద్భుతం!" అంది. వాడి ఛాతీ ఉప్పొంగింది. ఆమె జాలరి లేయర్ ఆపింది, మాస్క్ తీసింది. గోడ మిగిలింది. దాని పక్కన కిటికీ. కిటికీలోంచి ఎదురింటి నీళ్లట్యాంకు, దాని మీద పెయింట్ చేసిన ఏనుగు.

"ఈ ఏనుగు నాకు తెలుసు," అన్నాడు తుపాకీవాడు. ఏజెంటు మొహం సున్నం కొట్టినట్టయింది. "వీడి వాలకం చూస్తే తెలియట్లా? సైంటిస్టు అక్కడే!"

వాణ్ణి గదిలో తోసి తాళమేసి పోయాడు.

బొమ్మలు గీసే స్టైలస్‌లో దాచిన కటర్‌తో తాళం కోస్తూ తనని తానే తిట్టుకున్నాడు. పొగడ్త కోసం ఒక మనిషి ప్రాణం అమ్ముకున్నాను. రేపు ఏ మొహం పెట్టుకుని అద్దంలో చూసుకోను? ట్రాఫిక్‌కి అడ్డంపడి పరుగెత్తాడు. తిట్టిన ప్రతి డ్రైవరూ న్యాయంగానే తిడుతున్నాడనిపించింది.

సేఫ్‌హౌస్ తలుపు తెరిచే ఉంది. తలమీదుగా శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్న మనిషి వీపుకి తుపాకీ గురిపెట్టి ఉంది. ఏజెంటు ఎగిరి దూకాడు. గుండు పైకప్పుకి తగిలింది. పరదాల వెనకనుంచి పోలీసులు వచ్చి తుపాకీవాడిని పట్టేశారు.

ఏజెంటు కుర్చీ ముందు కూలబడ్డాడు. "నా బొమ్మల పిచ్చి మీ ప్రాణం మీదికి తెచ్చింది. నన్ను క్షమించకండి సార్."

అదే దగ్గు. శాలువా జారింది. చీఫ్!

"ఈ ఇల్లు ముఠాకి పెట్టిన బోను. సైంటిస్టు ఇక్కడికి ఎప్పుడూ రాలేదోయ్."

"మరి... కాఫీ?"

"నేనే తాగా. పంచదార ఎక్కువేస్తావు."

"నాకొక్క మాట చెబితే ఏం పోయేది సార్?"

"చెబితే నటించేవాడివి. నీ నటనా నీ బొమ్మల్లాగే జారిపోతుంది, ఎవడూ నమ్మడు. ఇవాళ నీ మొహంలో నిజమైన కంగారుంది కాబట్టే ఆ తుపాకీవాడికి పట్టు దొరికింది, నమ్మి వచ్చాడు."

"లేయర్లు కలపకుండా పంపుతానని ఎలా తెలుసు?"

"ట్రైనింగులో ఒక్కసారైనా కలిపావా?"

అంతలో కళ్లద్దాలు తీసి నవ్వుతూ మేడమ్ లోపలికొచ్చింది. ఆమె కూడా మన మనిషే, గోడ సలహా ఇచ్చింది చీఫ్ చెప్పబట్టే. వాడు తల దించుకునే, చివరి ఆశగా అడిగాడు.

"అద్భుతం అన్నారు కదా మేడమ్, అదైనా నిజమేనా?"

"అయ్యో, ఒట్టు! నిజంగానే అన్నాను," అందామె, పెచ్చులూడిన చోట చెయ్యి వేసి. "ఏం గోడండీ!"