ఊటరాణి ముఖం

కుంతలగిరి రాజ్యంలో నీళ్లు కుళ్లిపోయాయి. బావుల్లో నీళ్లు, ఏళ్లలో నీళ్లు, చివరికి కుండల్లో పట్టి ఉంచిన నీళ్లు కూడా చచ్చిన ఎలుక కంపు కొట్టసాగాయి. దాహానికి తాళలేక ముక్కు మూసుకుని తాగినవాళ్లు కడుపు పట్టుకుని మంచాన పడ్డారు. ఈ కష్టం ఎలా వచ్చిందో తలుచుకుంటేనే నాకు వెగటు పుడుతుంది పిల్లలూ. అయినా చెబుతాను.

ఆ రాజ్యాన్ని ఏలే మార్తాండసేనుడి కూతురు విరజకు పాతకాలపు శిల్పాలంటే ప్రాణం. ఎవరి నాగలికో చెక్కిన రాయి తగిలిందని తెలిస్తే చాలు, గుర్రమెక్కి వెళ్లిపోయేది. ఆ రాతి గీతలను వేళ్లతో తడుముతూ అన్నం సంగతే మరిచిపోయేది.

ఒకనాడు నగరంలో చాటింపు వినబడింది. "నల్లడవిలో మట్టి విరిగిపడి పూర్వకాలపు రాతిమండపం బయటపడిందహో! అందులో కడవ పట్టుకున్న రాణి విగ్రహం ఉందహో!"

విరజ తండ్రి దగ్గరకు పరుగెత్తింది. "నాన్నగారూ, నేనిప్పుడే వెళతాను!"

"తొందరెందుకమ్మా? ముందు సేనాపతి చూసి వస్తాడు. రేపు వెళుదువుగాని" అన్నాడు రాజు.

సేనాపతి కరవీరుడు భటుల చేత గునపాలు మోయించుకుని వెళ్లాడు. విగ్రహం పొట్టలో నగలుంటాయని ఆశపడి దాన్ని పగలగొట్టించాడు. ఏమీ దొరకలేదు. ఆ కోపంతో ముఖం ఊడగొట్టించి, భటుల చేత ఎక్కడికో పంపేశాడు. ఆ క్షణం నుంచే నీళ్లు పాడయ్యాయి.

మరునాడు విరజ మండపంలో అడుగుపెట్టింది. ఎంతో అందంగా చెక్కిన ఏనుగుల వరుస మీద భటులు తాంబూలం ఉమ్మారు. నాట్యం చేసే బొమ్మల మీద ఈటెలతో తమ పేర్లు గీక్కున్నారు. నమిలి పారేసిన ఎముకలు విగ్రహం పాదాల దగ్గర ఈగలు ముసిరి పడి ఉన్నాయి. ఒక మూల ముసలి ముని ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"వీళ్లసలు మనుషులేనా స్వామీ!" అంది విరజ.

"ఈమె ఊటరాణి తల్లీ. ఈ రాజ్యానికి మొట్టమొదటి ఊట తవ్వించిన మహాతల్లి. ఆమె ముఖం మళ్లీ చేరితేగాని నీళ్లు బాగుపడవు."

"ముఖం ఎక్కడుందో చెప్పండి, వెళ్లి తెస్తాను."

"ముందు ఈ గోడలు కడుగు."

"భటుల్ని పిలిపించనా?"

"ఉమ్మింది వాళ్లేగా!" అన్నాడు ముని.

విరజ తన పైట చింపి, వాగులో తడిపి, గోడలు తుడవసాగింది. వాగు నీటి కంపు, గోడల మీది కంపు కలిసి ఆమెకు వాంతి అయింది. నోరు తుడుచుకుని మళ్లీ పనిలో పడింది. ముఖం ఊడిన చోట ఆ గరుకు రాతిని తుడుస్తున్నప్పుడు ఆమెకు ఏడుపు ఆగలేదు.

చివరి మరక పోగానే స్తంభం మీద చెక్కిన యాళి కళ్లు తెరిచింది. సింహం ఒళ్లూ ఏనుగు తొండమూ ఉన్న ఆ మృగం కిందికి దూకి, "నీ చేతులు చూపించు!" అని గర్జించింది. తొండంతో వాసన చూసి, "ఛీ! కంపే. కాని ఇవి గోడలు కడిగిన చేతులు. ఎక్కు! ముఖం జిగటాసురుడి గుహలో ఉంది" అంది.

యాళి ఆమెను కాకికొండల మీదుగా తీసుకుపోయింది. గుహ ముందు బళ్లు బారులు తీరి ఉన్నాయి. బళ్ల నిండా గుడ్డలు కప్పిన విగ్రహాలు.

"ఇవన్నీ ఎవరివి?" అని విరజ ఒక బండివాణ్ణి అడిగింది.

"మా తాతలనాటివమ్మా. పాత రాళ్లు ఎవడిక్కావాలి? రాక్షసుడైతే బంగారం ఇస్తాడు" అన్నాడతను పళ్లు ఇకిలిస్తూ.

లోపల జిగటాసురుడు ఒక రాతిదేవత చెయ్యి కటకట నములుతున్నాడు. అతని చొంగ జిగురుగా పెద్ద తొట్టిలోకి కారి, అడుగున బంగారం ముద్దలుగా పేరుకుంటోంది.

"ఊటరాణి ముఖం ఇచ్చెయ్!" అంది విరజ.

"తొట్టిలో నానుతోంది. ఒక్కసారి చెయ్యి పెట్టి తీసుకో. వేరే ఏది పట్టుకున్నా రాయివైపోతావు. నిన్నూ నమిలేస్తాను" అని రాక్షసుడు బ్రేవుమని త్రేన్చాడు.

విరజ ఊపిరి బిగబట్టి మోచేయి దాకా ఆ జిగురులో ముంచింది. బంగారం ముద్దలు వాటంతటవే అరచేతిలోకి జారాయి. ఆమె వాటిని తోసేసింది. ఒక ముక్కు తగిలింది, కాని దాని అంచులు వాడిగా ఉన్నాయి. అది నిన్నో మొన్నో చెక్కిన దొంగ బొమ్మ! తరువాత ఎందరో తల్లులు నిమిరి నిమిరి నునుపెక్కిన చెంప తగిలింది. మెడ దగ్గర తాను తుడిచిన గరుకు రాయే మళ్లీ వేలికి తగిలినట్లయింది. ఆమె గట్టిగా పట్టుకుని పైకి లాగింది. చేతిలో ఊటరాణి ముఖం!

రాక్షసుడు విరగబడి నవ్వాడు. "పోతేపోనీ! మీవాళ్లు రేపింకా తెస్తారు. మీ మనుషులు ఉన్నంతకాలం నాకు ఆకలేమిటి?"

యాళికి ఒళ్లు మండిపోయింది. ఒక్క తన్నుతో తొట్టిని అతని మీద బోర్లించింది. బంగారం ముద్దలు అతని అరచేతుల్లోకీ జారాయి. నోరు తెరిచి నవ్వుతున్నవాడు నవ్వుతున్నట్లే రాయి అయిపోయాడు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి రాజు మండపంలో ఉన్నాడు. దాహంతో అతని పెదవులు పగిలి ఉన్నాయి. పక్కనే కరవీరుడు నిలబడి, "ఒక పాత రాతి కోసం యువరాణి ఇంత హైరానా పడాలా ప్రభూ?" అన్నాడు.

విరజ అతని వంక చూడనైనా చూడలేదు. ముఖాన్ని విగ్రహానికి ఆనించింది. రాణి చేతిలోని కడవ నుంచి తేటనీరు దూకింది. రాజు దోసిలి పట్టి తాగి, తల వంచుకున్నాడు. "గునపాలు చూసి కూడా నేను వద్దనలేదమ్మా. ఈ రాజ్యాన్ని ఇక నువ్వే ఏలు" అన్నాడు.

విరజ రాణి అయింది. గుహ ముందు ఆగిన బళ్లన్నిటినీ వెనక్కి తిప్పించి, విగ్రహాలను వాటి వాటి ఊళ్లకు చేర్పించింది. కరవీరుడి కత్తి తీసుకుని చీపురు ఇచ్చింది. శిల్పులు విగ్రహం పొట్ట మీది పగులు పూడ్చడానికి వస్తే మాత్రం ఒప్పుకోలేదు.

"దాన్ని అలాగే ఉండనివ్వండి. పిల్లలు చూసి అడగాలి" అంది.

ఆనాటి నుంచి ఊట చూడవచ్చిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ, "రాణిగారి పొట్ట ఎవరు పగలగొట్టారు?" అని గట్టిగా అడిగేవారు. చీపురు పట్టుకున్న కరవీరుడే వాళ్లకు జవాబు చెప్పవలసి వచ్చేది.