బండి పోయేదాకా

"గేట్‌మన్ చెంగయ్యను తెల్లారుజామున ఎవరో మెడకు వైరు బిగించి చంపారు. మీ నాన్న కదా. వేరే ఏజెంటును పంపమంటావా?" అన్నాడు చీఫ్ రఘునాథ్.

"వద్దు సార్."

ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు మునిశేఖర్. రాలేదు. సరేనని ఫైలు తెరిచాడు.

మిషన్ సింపుల్. పదీ నలభైకి గేటుపేట మీదుగా పోయే మిలిటరీ స్పెషల్‌ను విదేశీ ముఠా పేల్చబోతోంది. వడమాలపేట దాటాక, పట్టాలు వేయడానికొచ్చిన కూలీలు వెనక్కి పోకుండా ఉండిపోతే పుట్టిన ఊరది. ప్రతి గడపా లైను వైపే. బండి పేలితే ఊరూ మిగలదు.

పదీ ముప్పైకి మేకల బేరగాడి వేషంలో గేటు దగ్గర దిగాడు. నర్సు వేషంలో పల్లవి కాచుకుని ఉంది. ఆరు నెలలుగా ఊళ్లో మకాం వేసిన సొంత డిపార్ట్‌మెంట్ ఏజెంట్. ఆ ముతక తెల్లచీరలోనూ సినిమా పోస్టరులా ఉంది, అదేం చోద్యమో!

"పాల బండి వచ్చినాదా?"

"వచ్చినాది. పాలే రాలేదు."

కోడ్ కలిసింది.

"మీ నాయన నా చేతుల్లోనే పోయినాడప్పా," అంది పల్లవి. "గూడ్సు పోతా ఉండింది. ఆ మోతలోనే చెప్పినాడు, బాంబు పుత్తూరు దిక్కు వంతెన కింద ఉండాదని. బిరీన పో!"

మునిశేఖర్ కదల్లేదు.

గేటుపేటలో బండి పోతుంటే ఎవరూ మాట్లాడరు. తిట్టేవాడు తిట్టు మధ్యలో ఆపుతాడు. పెళ్లిలో అయ్యవారు మంత్రం మధ్యలో ఆపుతాడు. ఆఖరి పెట్టె దాటాక ఆపినచోటే అందుకుంటారు. ముప్పై ఏళ్లు పచ్చజెండా పట్టుకుని నోరు మూసుకున్న చెంగయ్య, చచ్చేటప్పుడు మాత్రం ఆ అలవాటు తప్పుతాడా?

అంటే ఈమె చెప్పేది అబద్ధం. నన్ను ఇక్కడినుంచి తరమాలని చూస్తోందంటే బాంబు వంతెన కింద లేదు, ఈ గేటు కింది తూములోనే ఉంది. వైరు బిగించిందీ ఈ చేతులే. ఇంత తెలిశాకైనా కోపం రావాలి కదా! అదీ రాలేదు.

హారన్ వినిపించింది. స్పెషల్ మలుపు తిరిగింది. పల్లవి వేలు చేతి వాచీ మీదికి పోయింది. మునిశేఖర్ జేబులోని పెన్ను నొక్కాడు. సిగ్నల్ జామర్! ఆమె బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. తూము ఉలకలేదు, పలకలేదు.

బేడీలు వేస్తూ అడిగాడు. "నిజం చెప్పు. పోయే ముందు మా నాయన నన్నేమైనా..."

ఇంజన్ వచ్చేసింది. పుట్టినూరి అలవాటు. నోరు దానంతటదే మూతపడింది.

పల్లవి మాత్రం మాట్లాడింది. అతని ముఖంలోకి చూస్తూ, చాలాసేపు. పెదవులు కదలడం కనిపించింది. ఒక్క ముక్క వినబడలేదు. ఇరవై రెండు పెట్టెలు పోయాయి.

"...అన్నాడా?"

"అంతా చెప్పినాను గదప్పా," అంది పల్లవి. పంటి కింద సైనైడ్ క్యాప్సూల్ చిట్లింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఊరు ఊరంతా బతికింది. మీ నాన్న చివరి మాట ఏమైనా తెలిసిందా?"

"బండి అడ్డమొచ్చింది సార్," అన్నాడు మునిశేఖర్.